రోజూ జేబులో ఉంచుకునే స్లిప్‌జాయింట్ చాకు: ఉక్కు చూడాలా, స్ప్రింగు చూడాలా?

లెస్టర్‌వాసి:
నమస్కారం. నేను ఇంగ్లండులోని లెస్టరులో ఉంటాను. పండు కోసుకోవడానికి, పార్సిళ్లు విప్పడానికి ఇన్నాళ్లూ ఒక చిన్న విక్టోరినాక్స్ (స్విస్ కంపెనీ జేబుచాకు) వాడాను. ఇప్పుడు ఖరీదైనా సరే, ఏళ్ల తరబడి మన్నే మడత చాకు ఒకటి కొనాలని ఉంది. జేబులో పెట్టుకు తిరగాలంటే ఇక్కడి చట్టం వల్ల లాక్ లేనిదే, అంటే స్లిప్‌జాయింటే తీసుకోవాలి. ఎం390 ఉక్కు, టైటానియం పిడి ఉన్న ఇటలీ చాకు ఒకటి, 1095 కార్బన్ ఉక్కుతో అమెరికాలో చేసిన పాతకాలపు నమూనా ఒకటి చూసి పెట్టుకున్నాను. ధరల్లో పెద్ద తేడా లేదు. వాడినవారు దేనిని తీసుకోమంటారు?

సానరాయి:
లెస్టర్‌వాసి గారూ, 1988 నాటి క్రిమినల్ జస్టిస్ చట్టంలోని 139వ సెక్షన్, బయట చాకు వెంట ఉంచుకోకూడదన్న నిషేధం నుంచి మినహాయింపు ఇచ్చేది పదునంచు 3 అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు, మించని మడత జేబుచాకులకే; తెరిచాక లాక్ పడే చాకులకు ఆ మినహాయింపు వర్తించదని అక్కడి కోర్టులు తేల్చాయి. మీ ఇటలీ చాకు కొలత కొనకముందే అడిగి తెలుసుకోండి, ఎందుకంటే ఐరోపా నమూనాలు కొన్ని ఆ హద్దును కొద్దిగా దాటుతాయి.

ఇక ఏది కొనాలన్న సంగతి. స్లిప్‌జాయింటులో తెరిచిన బ్లేడును నిలిపి ఉంచేది పిడి వీపున ఉండే స్ప్రింగు ఒత్తిడి మాత్రమే కనుక, ఉక్కు పేరు కంటే ఆ స్ప్రింగు, కీలు దగ్గరి బ్లేడు భాగం ఒకదానితో ఒకటి ఎంత చక్కగా కుదిరాయన్నదే ముఖ్యమని నా అభిప్రాయం. బ్లేడు పూర్తిగా తెరుచుకున్నప్పుడు టక్కుమని గట్టి చప్పుడు రావాలి, పక్కలకు ఊగకూడదు, స్ప్రింగు వీపు పిడి అంచుతో సమంగా ఉండాలి. వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే స్ప్రింగు పక్కన సందు కనిపించకూడదు. స్ప్రింగు మరీ బిగువైతే తెరవబోయి గోరు విరుగుతుంది. వదులైతే బ్లేడు వేళ్ల మీదికే ముడుచుకుంటుంది. ఎంత మంచి స్లిప్‌జాయింటుతోనైనా గుచ్చే పని పెట్టుకోకండి.

పుల్లమామిడి:
స్ప్రింగు విషయంలో సానరాయి గారితో ఏకీభవిస్తాను గానీ, పండ్లు కోసేవారికి ఉక్కు చిన్న విషయం కాదండీ. 1095లో కార్బన్ సుమారు 0.95 శాతం ఉంటుంది, క్రోమియం ఉండదు. నిమ్మకాయో మామిడికాయో కోసి తుడవకుండా ఉంచితే కొద్దిసేపట్లోనే నల్లబడుతుంది, ముక్కకు ఇనుప వాసన అంటుతుంది. ఆ నలుపు స్థిరపడ్డాక తుప్పును కొంత అడ్డుకుంటుంది. కొందరికి ఆ రంగే ముచ్చట. ఎం390లో క్రోమియం సుమారు 20 శాతం, వెనేడియం 4 శాతం ఉండడం వల్ల తుప్పు త్వరగా పట్టదు, పదును చాలాకాలం నిలుస్తుంది. అయితే మొద్దుబారిన తరువాత మామూలు సానరాయి మీద అరగదీయడం కష్టం, వజ్రపు పలక కావాలి. 1095ను ఇంట్లోని రాయి మీదే కాసేపట్లో పదును చేసుకోవచ్చు. ఏదైనా సరే, కీలులో వంటనూనె వేయకండి, జిగురు కడుతుంది. ఫుడ్‌గ్రేడ్ మినరల్ ఆయిల్ ఒక చుక్క చాలు.

కొమ్ముపిడి:
మీరు చూసిన అమెరికా చాకు పెన్సిల్వేనియాలోని టైటస్‌విల్‌లో ఉన్న గ్రేట్ ఈస్టర్న్ కట్లరీ వారిదైతే, దాని స్ప్రింగు బిగువుగానే ఉండవచ్చు, కాబట్టి వీలైతే చేతితో తెరిచి చూశాకే కొనండి. కణుజు (సాంబర్ దుప్పి) కొమ్ము పిడి మీద మోజుంటే మాత్రం ధర చూసి ఉలిక్కిపడతారు. ఒకప్పుడు ఆ కొమ్ము ఎక్కువగా మన దేశం నుంచే వెళ్లేది, ఎగుమతిని నిషేధించాక పాత నిల్వలకు గిరాకీ పెరిగింది. రోజువారీ వాడకానికి మైకార్టా (గుడ్డ పొరలను రెసిన్‌తో అదిమి చేసిన గట్టి పదార్థం) పిడి చాలు, తడిచేతిలోనూ జారదు. హైదరాబాదుకు వచ్చేటప్పుడు చాకును చెకిన్ సామానులోనే పెట్టండి, చేతి సంచిలో ఉంటే భద్రతా తనిఖీలో తీసేసుకుంటారు.