అప్‌డేట్: ఆఫీసులో లాగిన్ స్లో, షేర్డ్ ఫోల్డర్ స్లో – సాల్వ్ అయింది (విజయనగరం)

పాస్‌వర్డ్ కొట్టాక "వెల్‌కమ్" దగ్గరే సిస్టమ్స్ తిరుగుతున్నాయని, సర్వర్‌లో ఎక్సెల్ ఫైల్ తెరిచేలోపు టీ తాగి రావచ్చని అడిగింది నేనే. రిప్లై ఇచ్చినవాళ్లందరికీ థాంక్సండీ.

డీఎన్ఎస్ (పేరు అడిగితే దాని ఐపీ అడ్రస్ చెప్పే సర్వీస్) చూడమన్నాయన మాటే కరెక్ట్. మూడు లాంతర్ల దగ్గర్నుంచి నెట్‌వర్క్ అబ్బాయిని పిలిస్తే వచ్చీ రాగానే ఐపీకాన్ఫిగ్ ఆల్ (పీసీ నెట్‌వర్క్ సెట్టింగ్స్ చూపించే కమాండ్) కొట్టాడు, డీఎన్ఎస్ సర్వర్ల దగ్గర మా సర్వర్ ఐపీ లేదు, గూగుల్ వాళ్ల పబ్లిక్ డీఎన్ఎస్ 8.8.8.8 ఉంది! నెట్ కనెక్షన్ మార్చినప్పుడు పెట్టిన కొత్త రౌటరే డీహెచ్‌సీపీలో (పీసీలకి ఐపీ, డీఎన్ఎస్ ఆటోమేటిక్‌గా ఇచ్చే పద్ధతి) అది పంచుతోందట, మా డొమైన్ (లాగిన్లన్నీ సర్వర్ చూసుకునే మా ఆఫీసు నెట్‌వర్క్) అడ్రస్ బయట గూగుల్‌కి ఎలా తెలుస్తుంది చెప్పండి, సిస్టమ్ అడిగి అడిగి టైమవుట్ అయ్యేదాకా కూర్చునేది. రౌటర్‌లో డీహెచ్‌సీపీ ఆపేసి సర్వర్‌లో ఆన్ చేశాడు, పీసీలకి డీఎన్ఎస్‌గా సర్వర్ ఐపీ ఒక్కటే, 8.8.8.8ని సర్వర్‌లోనే ఫార్వర్డర్‌గా (సర్వర్ తనకి తెలియని పేర్లు అడిగే చోటు) పెట్టాడు. పీసీల్లో సెకండరీ (రెండో) డీఎన్ఎస్‌గా కూడా బయటిది పెట్టొద్దని గట్టిగా చెప్పాడు.

అకౌంట్స్ సెక్షన్ పీసీ ఒక్కటి మాత్రం మొండికేసింది, దాన్లో ఎవరో డీఎన్ఎస్ చేత్తో టైప్ చేసున్నారు, ఆటోమేటిక్‌కి మార్చి ఫ్లష్‌డీఎన్ఎస్ (దాచుకున్న పాత డీఎన్ఎస్ జవాబులు చెరిపే కమాండ్) కొడితే అదీ దారికొచ్చింది.

యాంటీవైరస్, కేబుల్స్, స్విచ్ వీటికేం సంబంధం లేదు. దీనికోసం కొన్న కొత్త ర్యామ్ కూడా దండగే, సర్లెండి ఎందులోనో పనికొస్తుంది.