ఉద్యోగం, పిల్లల మధ్య వ్యాయామానికి టైమ్ ఎలా తీస్తున్నారు?

నాకు 41 ఏళ్లు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి రాయదుర్గం దాకా మెట్రోలో ఆఫీసుకు వెళ్తాను. రోజంతా కుర్చీలోనే. ఈమధ్య షుగర్ బోర్డర్‌లో ఉందని తేలింది. మా నాన్నకూ షుగరే, అందుకే టెన్షన్‌గా ఉంది.

వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవాలని, రెండు రోజులు కండరాలకు పని చెప్పాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. ఒక స్టేషన్ ముందే దిగి నడుస్తున్నాను, అమీర్‌పేటలో రైలు మారేటప్పుడు మెట్లే ఎక్కుతున్నాను. అయినా వారానికి గంటన్నర దాటడం లేదు. పొద్దున లేస్తే పిల్లల క్యారేజీలు, రాత్రి ఇల్లు చేరేసరికి ఎనిమిదిన్నర.

నాలాంటివాళ్లు వారంలో నిజంగా ఎంతసేపు చేయగలుగుతున్నారు? పది పది నిమిషాలుగా చేసినవాళ్లకు షుగర్ తగ్గిందా? జిమ్‌కు వెళ్లకుండా కండరాలకు ఇంట్లో ఏం చేస్తున్నారు? మోకాళ్ల నొప్పి వల్ల గుంజీళ్లు తీయలేను. మీ అనుభవం దయచేసి చెప్పండి.