ఫ్రీవే మీద వేడెక్కే ఫ్లాట్‌హెడ్: 1932 రోడ్‌స్టర్, 8బీఏ ఇంజన్, రెండు స్ట్రాంబర్గ్‌లు

హైబాయ్32:
అందరికీ నమస్తే. బండి 1932 ఫోర్డ్ రోడ్‌స్టర్, ఫెండర్లు తీసేసిన హైబాయ్. ఇంజన్ 1951 ఫోర్డ్ 8బీఏ, అంటే వాల్వులు హెడ్‌లో కాక బ్లాక్‌లోనే ఉండే ఫ్లాట్‌హెడ్ వీ8, 239 క్యూబిక్ అంగుళాలు. అల్యూమినియం హెడ్లు, రెండు కార్బ్యురేటర్ల మానిఫోల్డ్, దాని మీద స్ట్రాంబర్గ్ 97లు. డిస్ట్రిబ్యూటర్ ఫ్యాక్టరీదే, పాయింట్లు, కండెన్సర్ కొత్తవి. టైమింగ్ (పిస్టన్ పైకి చేరే ముందు నిప్పు పడే కోణం) ఐడిల్‌లో 2 డిగ్రీలకు సెట్ చేసి ఉంది.

ఊళ్లో సిగ్నళ్ల దగ్గర ఎంతసేపు ఆగినా 180 ఫారెన్‌హీట్ దాటదు. ఫ్రీవే ఎక్కి 60 మైళ్ల వేగంతో పావుగంట పోతే 215కి చేరుతుంది. రేడియేటర్ కొత్తది వేశా, థర్మోస్టాట్లు తీసేసి కూడా చూశా, ఏమీ మారలేదు. ఇప్పుడు ఎలక్ట్రిక్ ఫ్యాన్ పెట్టమంటున్నారు. బ్లాక్ పగిలిందేమోనని అనుమానం. ముందు ఏం చూడాలి?

రెంచ్_మామ:
ఫ్యాన్ కొనకండి. ఆగినప్పుడు చల్లగా ఉండి, పరుగులో వేడెక్కే బండికి గాలి తక్కువై కాదు. 60 మైళ్ల వేగంలో గాలి దానంతట అదే దూసుకొస్తుంది, ఆ వేగంలో ఫ్యాన్ ఉన్నా లేనట్టే.

మీ పోస్టులో నాకు ఒక్క ముక్క చాలు: ఫ్యాక్టరీ డిస్ట్రిబ్యూటర్, స్ట్రాంబర్గ్ 97లు. ఆ రెండింటికీ పొత్తు కుదరదు. 1949 నుంచి 53 వరకు ఫోర్డ్ వేసిన ఆ డిస్ట్రిబ్యూటర్‌లో తిరిగే బరువులు ఉండవు. అడ్వాన్స్, అంటే వేగం పెరిగేకొద్దీ నిప్పును ముందుగా వేయడం, మొత్తం వాక్యూమ్‌తోనే. ఆ వాక్యూమ్ కూడా మానిఫోల్డ్ నుంచి కాదు, హోలీ కార్బ్యురేటర్ వెంచురీ (గాలి దారిలో ఇరుకు భాగం) దగ్గర తీసిన రంధ్రం నుంచి రావాలి. వేగం పెరిగే కొద్దీ వెంచురీలో వాక్యూమ్ పెరుగుతుంది, దాంతోపాటు అడ్వాన్స్ పెరుగుతుంది. స్ట్రాంబర్గ్ 97లో ఆ రంధ్రమే లేదు. అది 1936-38 ఫోర్డ్‌ల కార్బ్యురేటర్, వాటి డిస్ట్రిబ్యూటర్లలో బరువులు ఉండేవి, అందుకని దానికి అవసరం పడలేదు.

అంటే మీ ఇంజన్ 2500 ఆర్‌పీఎం దగ్గర కూడా ఐడిల్ టైమింగ్‌తోనే తిరుగుతూ ఉండొచ్చు. నిప్పు ఆలస్యంగా పడితే మంట సిలిండర్లో పూర్తికాక, వాల్వు తెరిచేసరికి ఇంకా మండుతూనే బయటికి వస్తుంది. వేరే ఇంజన్లలో ఆ వేడి నేరుగా హెడర్లలోకి పోతుంది. ఫ్లాట్‌హెడ్‌లో ఎగ్జాస్ట్ దారి బ్లాక్ మధ్యలోంచి, నీటి గదుల పక్క నుంచి వెళ్తుంది. పైగా రెండు మధ్య సిలిండర్లకూ కలిపి ఒకటే దారి. ఆ వేడంతా నీళ్లే మోయాలి. రోగం ఒకచోట ఉంటే మందు రేడియేటర్‌కు వేస్తున్నారు.

పరీక్ష ఇలా చేయండి. క్రాంక్‌షాఫ్ట్ పుల్లీ వ్యాసం కొలవండి. 6 అంగుళాలైతే చుట్టుకొలత 18.85 అంగుళాలు, అందులో, 2500 దగ్గర కావలసిన 22 డిగ్రీలకు 1.15 అంగుళం. ఫ్యాక్టరీ గుర్తు 2 డిగ్రీలది కాబట్టి, అక్కడి నుంచి 20 డిగ్రీలు, అంటే 1.05 అంగుళం దూరంలో ఇంకో తెల్ల గీత పెట్టండి. ఏ వైపు అన్నది తికమక పెట్టే సంగతి: పుల్లీ తిరిగేటప్పుడు ఫ్యాక్టరీ గుర్తు కంటే ముందు ఇంజన్ మీది ముల్లు దగ్గరికి వచ్చే వైపు. టైమింగ్ లైట్ వేసి 2500కి లేపండి. కొత్త గీత ముల్లు దగ్గరికి వస్తే నా మాట తప్పు. పాత గుర్తు అక్కడే కదలకుండా నిలబడితే దొంగ దొరికినట్టే.

పాతఇనుము:
మామ చెప్పింది ముందు చూడండి, కానీ బ్లాక్‌ను కూడా వదలొద్దు. ఖర్చు లేని పరీక్షలు రెండున్నాయి.

ఒకటి, బండి వేడెక్కి ఆగిన వెంటనే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌తో రెండు హెడ్లనూ ఒకే చోట కొలవండి. దీనికి వాటర్ పంపులు రెండు, వైపుకొకటి. ఒక వైపు 20 డిగ్రీలు ఎక్కువుంటే ఆ వైపు పంపో, మట్టో, గాలి బుడగో. రెండూ సమానమైతే తప్పు రెండింటికీ ఉమ్మడిది, అంటే టైమింగ్ లేదా మిశ్రమం. మెరిసే అల్యూమినియం మీద ఆ థర్మామీటర్ తక్కువ చూపిస్తుంది, కొలిచే చోట నల్ల టేపు ముక్క అంటించండి.

రెండోది, రేడియేటర్ మూతి దగ్గర నీలం ద్రవం పరీక్ష. దహన వాయువు నీళ్లలోకి దూరుతుంటే పసుపుగా మారుతుంది. మారితే గాస్కెట్, లేదా వాల్వు సీటుకూ సిలిండర్‌కూ మధ్య పగులు. ఈ బ్లాకులు ఎక్కువగా పగిలేది అక్కడే. బోల్టు రంధ్రం నుంచి నీటి రంధ్రానికి పాకే చిన్న పగుళ్లు చాలా బ్లాకుల్లో ఉంటాయి, వాటికి కంగారు పడక్కర్లేదు.

ఎప్పుడైనా హెడ్లు విప్పితే నీటి రంధ్రాల్లోకి వంచిన కమ్మీ పెట్టి అడుగు గీకండి. పోత పోసినప్పటి ఇసుక, కోర్ తీగ ముక్కలు వెనక సిలిండర్ల కింద ఇంకా ఉంటాయి. బిగించేటప్పుడు గాస్కెట్‌ను ముందు బ్లాక్ మీద, తర్వాత హెడ్ మీద పరిచి నీటి రంధ్రాలు కలుస్తున్నాయో లేదో చూడండి. 59ఏబీ (8బీఏకి ముందటి ఫోర్డ్ ఫ్లాట్‌హెడ్), 8బీఏ గాస్కెట్లు ఒకటి కావు. హెడ్ బోల్టులు నీటిలోకి దిగుతాయి కాబట్టి మరలకు సీలెంట్ తప్పనిసరి. అల్యూమినియం హెడ్లను మళ్లీ బిగించేది ఇంజన్ పూర్తిగా చల్లారాకే.

సాల్ట్‌ఫ్లాట్:
కార్బ్యురేటర్ల వైపు నుంచి ఒక మాట. 97లకు పెట్రోలు ప్రెషర్ రెండున్నర పౌన్లు చాలు. మూడు దాటితే నీడిల్ ఆగదు, పొంగుతుంది. జనం పొంగడం చూసి జెట్లు చిన్నవి వేస్తారు, అప్పుడు ఫ్రీవే మీద మిశ్రమం పలచబడి ఇంకో కొత్త వేడి మొదలవుతుంది. మెయిన్ జెట్ ఫ్యాక్టరీది .045 అంగుళం. ముందు రెగ్యులేటర్ పెట్టి, ఫ్లోట్ మట్టం 15/32 అంగుళానికి సరిచేసి, అప్పుడు ప్లగ్గులు చూడండి. సున్నంలా తెల్లగా ఉంటే పలచన.

ఆ థర్మోస్టాట్లు తిరిగి పెట్టేయండి. 160వి చాలు, ఒక్కోదానికి 1/8 అంగుళం రంధ్రం వేస్తే నీళ్లు నింపేటప్పుడు గాలి బయటికి పోతుంది. క్యాప్ ప్రెషర్‌ది కాకపోతే 4 పౌన్లది వేయొచ్చు, రేడియేటర్ తట్టుకుంటే. పౌనుకు సుమారు 3 డిగ్రీల చొప్పున మరిగే హద్దు పెరుగుతుంది. అది హద్దును జరుపుతుందే కానీ వేడిని తగ్గించదు.

హైబాయ్32:
అందరికీ థాంక్స్. కొలిచాను. ఐడిల్‌లో 2 డిగ్రీలు, 2500 దగ్గర కూడా 2 డిగ్రీలే! డిస్ట్రిబ్యూటర్ వాక్యూమ్ మూతికి రబ్బరు టోపీ పెట్టి ఉంది. హెడ్ల మధ్య తేడా 4 డిగ్రీలు, ద్రవం నీలంగానే ఉంది. మామా, ఆ గొట్టాన్ని మానిఫోల్డ్‌కు కలిపేస్తే సరిపోదా? లేక 59ఏబీ డిస్ట్రిబ్యూటర్ వేయనా?

రెంచ్_మామ:
రెండూ వద్దు. మానిఫోల్డ్‌కు కలిపితే ఐడిల్‌లో అడ్వాన్స్ అంతా వచ్చేసి, ఎక్సలరేటర్ తొక్కగానే వాక్యూమ్ పడిపోయి టైమింగ్ వెనక్కి పోతుంది. కావలసిన దానికి సరిగ్గా తలకిందులు. 59ఏబీది క్యామ్ షాఫ్ట్ కొసకు నేరుగా తగులుకుంటుంది, మీదేమో గేరుతో తిరిగే నిలువు డిస్ట్రిబ్యూటర్. ఒకదాని చోట ఇంకొకటి కూర్చోదు.

8బీఏకి సరిపోయేలా, లోపల బరువులున్న డిస్ట్రిబ్యూటర్ తీసుకోండి. పాత మాలరీ దొరికినా సరే, షెవ్రొలే డిస్ట్రిబ్యూటర్‌ను మార్చి అమ్మేవి వేసినా సరే. కొనేముందు అడగాల్సింది ఒకటే: మొత్తం అడ్వాన్స్ ఎంత వరకు ఆపొచ్చు? ఓవర్‌హెడ్ వాల్వు ఇంజన్లకిచ్చే 34, 36 డిగ్రీలు దీనికి పనికిరావు. ఐడిల్‌లో 4, 2500కి మొత్తం 20 నుంచి 22. ఫైరింగ్ ఆర్డర్ 1-5-4-8-6-3-7-2, ఒకటో సిలిండర్ కుడి వైపు ముందుది. పాతది తీసే ముందు రోటర్ ఎటు చూస్తోందో ఫొటో తీసి పెట్టుకోండి.

సాల్ట్‌ఫ్లాట్:
కొత్తది పెట్టాక జెట్లు వెంటనే ముట్టుకోకండి. టైమింగ్ మారితే ప్లగ్గుల రంగు కూడా మారుతుంది. ఓ 50 మైళ్లు తిప్పి అప్పుడు చూడండి.