డిశ్చార్జ్ అయిన రోగులు మళ్లీ పరీక్షకు వచ్చేలా ఏం చేయాలి?

గుండె వైఫల్యంతో చేరి కోలుకున్నవారిని ఇంటికి పంపే వార్డులో నర్సుగా పనిచేస్తున్నాను. ఇలాంటి రోగులు 7 నుంచి 14 రోజుల్లోపు వైద్యుడికి మళ్లీ చూపించుకోవాలని, 3 రోజుల్లో 2 కిలోలకు మించి బరువు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందేమోనని అనుమానించి వెంటనే తెలియజేయాలని డిశ్చార్జ్ కాగితంలో రాసే ఇస్తాం. అయినా అది మందుల సంచి అడుగున మడతపడి ఉండిపోతుంది, పాత మాత్రలూ కొత్త మాత్రలూ కలిపి వేసుకునేవారూ ఉన్నారు. చెప్పినదాన్ని రోగి చేతనే తిరిగి చెప్పించడం కొంత మేలు చేస్తోంది గానీ, ఆసుపత్రిలో తోడున్నవారు ఒకరు, ఇంట్లో మందులిచ్చేవారు మరొకరు అయినప్పుడు అదీ ఫలించడం లేదు (అసలు చిక్కు ఇక్కడే ఉందని నా అభిప్రాయం). తదుపరి అపాయింట్‌మెంట్‌ను ముందే ఖరారు చేసి, ఇంటికి వెళ్లిన 2, 3 రోజుల్లో ఫోన్ చేసే పద్ధతిని నడిపినవారు ఎవరైనా ఉంటే, ఆ ఫోన్ ఎవరు చేయాలో, మొదట ఏం అడగాలో, ఫోన్ ఎత్తనివారిని ఎలా చేరుకోవాలో దయచేసి వివరించగలరా?