విండో ఏసీలో ఫంగస్: స్ప్రే కొడితే చాలా, విప్పి కడగాల్సిందేనా?

బీచ్‌రోడ్ వాసి, విశాఖపట్నం

మాది ఒకటిన్నర టన్నుల విండో ఏసీ. వర్షాలు మొదలైన దగ్గర్నుంచి స్విచ్ వేయగానే గది నిండా ముక్కిపోయిన వాసన. ఫిల్టర్ తీసి చూస్తే శుభ్రంగానే ఉంది, పదిహేను రోజులకోసారి కడుగుతూనే ఉన్నాం. గాలి బయటికొచ్చే రెక్కల సందులోంచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి చూశాక సంగతి తెలిసింది. లోపల తిరిగే బ్లోయర్ అంచుల మీద నల్లటి చుక్కలు, దాని చుట్టూ ఉన్న థర్మాకోల్ మీద పచ్చగా, నల్లగా మచ్చలు.

మా బావగారేమో బ్లీచింగ్ నీళ్లు సీసాలో పోసి కొట్టి, గంటసేపు ఏసీ వేసి వదిలేస్తే అంతా చస్తుందంటారు. సర్వీసింగ్‌కి వచ్చినతను కిందికి దించాలి, గ్యాస్ కూడా నింపాలి అని పెద్ద లెక్క చెప్పాడు. నాకు రెండూ నచ్చలేదు. కంటికి కనిపిస్తున్న మురికిని తుడవకుండా మందు కొట్టి ఊరుకోవడం సరికాదని నా అభిప్రాయం. ఇంట్లో ఆస్తమా ఉన్న పాప ఉంది కాబట్టి అడుగుతున్నాను. మీరేమంటారు?

కూకట్‌పల్లి అద్దెదారు, హైదరాబాద్

అండీ, ప్రతిదానికీ విప్పక్కర్లేదు. ఏసీ కాయిల్ కోసమే నురగ క్లీనర్ డబ్బాలు దొరుకుతున్నాయి. గ్రిల్ తీసి, కాయిల్ మీద కొట్టి, పావుగంట ఆగి ఏసీ వేస్తే చాలు. కాయిల్‌కి పట్టే నీళ్లే దాన్ని కడిగి డ్రెయిన్‌లోంచి బయటికి తీసుకుపోతాయి. నేను ఎండాకాలం మొదట్లో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి ఇదే చేస్తాను. వాసన రాదు. ఏసీ ఓనర్‌ది, గోడలోంచి లాగేటప్పుడు ఏది విరిగినా అడ్వాన్స్‌లో కోసేస్తాడు. విప్పి కడగమని చెప్పడం తేలికే, అద్దెకుండేవాళ్లు చేసేదెలా?

ఎడిసన్ శారద, న్యూజెర్సీ

ఇక్కడ జరిగింది ఒకటి చెప్తాను, మీ చర్చకి పనికొస్తుంది. 2025 జూన్‌లో అమెరికాలో మిడియా కంపెనీ యూ, యూ ప్లస్ రకం విండో ఏసీలను వెనక్కి పిలిచింది. సుమారు 17 లక్షలు. 2020 మార్చి నుంచి 2025 మే దాకా అమ్మినవి, వేరే బ్రాండ్ల పేర్లతో అమ్మినవి కూడా ఉన్నాయి. లోపల చేరిన నీళ్లు త్వరగా బయటికి పోక నిలిచిపోతున్నాయని, దాంతో బూజు పట్టొచ్చని వినియోగ వస్తువుల భద్రతా కమిషన్ ప్రకటించింది. బూజు గురించి వచ్చిన ఫిర్యాదులు కనీసం 152. వాటిలో 17 దగ్గు, తుమ్ములు, గొంతు నొప్పి, ఎలర్జీ, శ్వాసకోశ ఇన్ఫెక్షన్ల గురించి.

పరిష్కారంగా ఏమిచ్చారో చూడండి. డబ్బు వాపసు, లేదంటే రిపేరు. ఆ రిపేరులో ఇచ్చేది బూజు మందు కాదు, కొత్త డ్రెయిన్ ప్లగ్గు, వాలు చూసుకోవడానికి చిన్న రసమట్టం. అంటే గొడవంతా నీళ్లు నిలవడంలోనే ఉందన్నమాట. స్ప్రే కొట్టి నీళ్లను అలాగే వదిలేస్తే నెల తిరక్కుండానే మళ్లీ మొదటికొస్తుంది.

బ్లీచింగ్ సంగతి కూడా. బూజు శుభ్రం చేయడానికి దాన్ని మామూలుగా వాడమని ఇక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థే చెప్పదు. చచ్చిన బూజు కూడా కొందరికి ఎలర్జీ తెస్తుంది, అందుకే చంపడంతో సరిపోదు, తీసెయ్యాలి అంటుంది. కాబట్టి బీచ్‌రోడ్ గారి వైపే నా ఓటు. మాది 5,000 బీటీయూల (ఏసీ చల్లబరిచే శక్తికి కొలత) చిన్నది, ఇద్దరం పట్టుకుని కిటికీలోంచి దించేస్తాం. మీవి టన్ను పైన, టన్నంటే 12,000 బీటీయూలు. ఇంట్లోవాళ్లు ఎత్తే బరువు కాదు, ఆ తేడా గుర్తుంచుకోండి.

కూకట్‌పల్లి అద్దెదారు, హైదరాబాద్

శారద గారూ, అది ఆ మోడల్ డిజైన్‌లో లోపం. మన దగ్గర విండో ఏసీలకి వెనకాల పైపు పెట్టి నీళ్లు వదిలేస్తారు. పైగా మా ఊళ్లో ఏప్రిల్, మే నెలల్లో గాలి ఎంత పొడిగా ఉంటుందో మీకు తెలుసు. విశాఖ ఉప్పుగాలికి చెప్పే వైద్యం అందరికీ అంటగట్టొద్దు.

రాజమండ్రి చదువరి

నాకు అంతకంటే పెద్ద టెన్షన్ ఉంది. 1976లో ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో ఏసీ వల్ల న్యుమోనియా వచ్చి చాలామంది చనిపోయారు కదా, లెజియోనేర్స్ జబ్బు. పాప ఉన్న ఇంట్లో ఆ ఏసీ పారేసి కొత్తది కొనుక్కోవడమే మంచిది కదా?

బెజవాడ పాత మెకానిక్

నేను విండో ఏసీలే ఎక్కువ చేశాను, స్ప్లిట్లు రాకముందు నుంచీ. స్ప్రే చాలన్నవాళ్ల మాటలోనూ, విప్పాలన్నవాళ్ల మాటలోనూ నిజం ఉంది. కాకపోతే మీరు మాట్లాడుతున్నది ఏసీలో రెండు వేరు వేరు చోట్ల గురించి.

ముందు కనిపించే అల్యూమినియం జాలీ కూలింగ్ కాయిల్. గదిలో గాలి ఫిల్టర్ దాటి దాంట్లోంచి లోపలికెళ్తుంది. కాయిల్ వెనకాల బ్లోయర్ ఉంటుంది, చుట్టూ థర్మాకోల్ గూడు. గాలి ఆ గూట్లో తిరిగి బయటికొస్తుంది. కాయిల్ చల్లదనానికి గాలిలో తేమ నీళ్లయి కింద ట్రేలోకి కారి, అక్కణ్ణుంచి వెనక్కి పోతుంది. కూకట్‌పల్లి తమ్ముడు చెప్పిన నురగ కాయిల్‌కి పనిచేస్తుంది, కాదనను. ఎందుకంటే అక్కడ నీళ్లు కారతాయి, మురికి కొట్టుకుపోతుంది. బ్లోయర్ మీద, థర్మాకోల్ మీద కారే నీళ్లు ఉండవు. చెమ్మ మాత్రం ఉంటుంది, దుమ్ము ఉంటుంది, చీకటి ఉంటుంది. అక్కడ కొట్టిన మందు అక్కడే ఎండిపోయి, రేపు గాలితోపాటు మీ మొహానికే కొడుతుంది. విశాఖ అమ్మగారు టార్చ్‌లో చూసిన మచ్చలు ఆ చోటివే. అందుకే ఆ ఏసీకి విప్పడం తప్పదు.

విప్పడమంటే గ్యాస్ తియ్యడం కాదు. గ్యాస్ ఉండేది మూసేసిన రాగి గొట్టాల్లో. లీకేజీ లేకపోతే అది తగ్గదు, కడిగినందుకు నింపాల్సిన పనీ లేదు. కూలింగ్ బాగానే ఉండి వాసన మాత్రమే వస్తుంటే, "గ్యాస్ నింపాలి" అన్నవాణ్ణి లీకు ఎక్కడో చూపించమనండి.

పని ఇలా చేయించుకోండి. ప్లగ్గు పీకాలి, స్విచ్ ఆపితే చాలదు. ముందు గ్రిల్ తీసి, బయటి బాడీలోంచి చాసిస్‌ని, అంటే లోపలి యంత్రం మొత్తాన్ని, లాగి ఇద్దరు మనుషులు దించాలి. ఒకటిన్నర టన్నుది యాభై కిలోలకి అటూ ఇటూ ఉంటుంది, ఒంటరిగా పట్టుకుంటే నడుం పోతుంది. కెపాసిటర్‌లో ప్లగ్గు పీకాక కూడా కరెంటు నిలవ ఉంటుంది. దాన్ని తెలిసినవాడే ముట్టుకోవాలి. మోటార్‌కి, వైర్లున్న పెట్టెకి ప్లాస్టిక్ కవరు గట్టిగా కట్టాలి. థర్మాకోల్ పైమూత ఊడదీసి విడిగా కడగాలి. గిన్నెలు తోమే లిక్విడ్ గోరువెచ్చటి నీళ్లలో కలిపి మెత్తటి బ్రష్‌తో బ్లోయర్ ఒక్కో రెక్కా లోపలి వైపు నుంచి తోమాలి. రెక్క వంపు లోపల పేరుకున్నది బయటికి అట్టలా ఊడి వస్తుంది, వచ్చేదాకా వదలకూడదు. కాయిల్‌ని పైనుంచి కిందికే దువ్వాలి, అడ్డంగా రుద్దితే జాలీ వంగిపోయి గాలి ఆగిపోతుంది. జెట్ పంపు ప్రెషర్ తగ్గించి, దూరం నుంచి కొట్టించండి.

బాత్రూం కడిగే యాసిడ్ పోసే కుర్రాళ్లున్నారు. రెండు నిమిషాల్లో తళతళలాడుతుంది, అల్యూమినియం మాత్రం తినేస్తుంది. బ్లీచింగ్‌ది కూడా అదే దారి. ఇక యాసిడ్, బ్లీచింగ్ రెండూ కలిశాయంటే క్లోరిన్ గ్యాస్ వస్తుంది, మూసిన గదిలో ప్రాణం మీదికొస్తుంది. బ్లీచింగ్‌ని వెనిగర్‌తో కలిపినా అంతే.

ఇంకొకటి. వెనక ఫ్యాన్‌కి చుట్టూ రింగు ఉన్న మోడళ్లు ఉంటాయి. అది ట్రేలో నీళ్లు తోడి వేడి కాయిల్ మీద చల్లుతుంది, కూలింగ్‌కి మంచిదే. ఆ చప్పుడు విని, నీళ్లు నిలిచాయనుకుని ట్రేకి డ్రిల్లింగ్ మెషిన్‌తో కన్నం పెట్టేవాళ్లున్నారు. రాగి గొట్టానికి తగిలిందంటే గ్యాస్ మొత్తం పోతుంది. చూసుకోవాల్సింది వాలు. ఏసీ వెనక వైపు పావు అంగుళం నుంచి అర అంగుళం దాకా కిందికి ఉండాలి. మీది ముందుకి వాలి ఉందేమో రసమట్టం పెట్టి చూడండి.

వార్డు సిస్టర్, కర్నూలు

రాజమండ్రి వారికి: భయపడకండి. ఆ జబ్బు బాక్టీరియాతో వచ్చేది, బూజుతో కాదు. దాన్ని ఎక్కువగా ముడిపెట్టింది పెద్ద భవనాల కూలింగ్ టవర్ల నీళ్లతో. ఇంట్లో విండో ఏసీకి ఆ నీళ్ల వ్యవస్థ ఉండదు. ఆ భయంతో ఏసీ పారేయక్కర్లేదు.

కానీ బూజుని తేలిగ్గా తీసుకోమని కూడా చెప్పను. తేమ, బూజు ఉన్న ఇళ్లలో ఉబ్బసం, దగ్గు, శ్వాస ఇబ్బందులు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఇంతవరకు ఉంటే ఫర్వాలేదు అనే కొలత అందులో పెట్టలేదు, తేమ లేకుండా చూసుకోమనే చెప్పింది. బీచ్‌రోడ్ గారూ, కడిగించేదాకా ఆ గదిలో పాపని పడుకోబెట్టకండి. పని జరిగే రోజు వేరే గదిలో కూడా కాదు, అమ్మమ్మ వాళ్లింటికో ఎక్కడికో పంపండి. పొడిగా ఉన్న బూజుని బ్రష్‌తో గోకితే గాల్లోకి లేస్తుంది కాబట్టి ముందు తడిపాకే తోమమనండి. తోమేవాళ్లకి ఎన్95 మాస్కు ఇవ్వండి. పాపకి ఇన్హేలర్ వాడకం పెరిగి ఉంటే ఏసీ సంగతి డాక్టర్‌కి చెప్పండి, మందు మార్చేముందు ఆయనకి అది తెలియాలి.

కూకట్‌పల్లి అద్దెదారు, హైదరాబాద్

మెకానిక్ అన్నా, కాయిల్‌కీ బ్లోయర్‌కీ తేడా చెప్పావు, బాగుంది. అయినా నా మాట మీదే ఉన్నాను. మచ్చలు కాయిల్ దాటకముందే నురగ కొడుతూ ఉంటే, కూలింగ్ ఆపాక ఫ్యాన్ మీద కాసేపు తిప్పి ఆరనిస్తే, విప్పాల్సిన అవసరం చాలా ఏళ్లు రాదు. చేయిదాటాక విప్పండి, కాదనను. ఆస్తమా ఉన్న ఇల్లు వేరే లెక్క, అదీ ఒప్పుకుంటాను.

ఎడిసన్ శారద, న్యూజెర్సీ

ఫ్యాన్ మీద ఆరబెట్టడం గురించి ఒక మాట. కాయిల్ మీదున్న తడి అప్పుడు తిరిగి గదిలోకే వస్తుంది. పొద్దున్నే లేచి, తలుపులూ కిటికీలూ తీసి, అప్పుడు ఫ్యాన్ పెట్టండి. ఎనర్జీ సేవర్ మోడ్‌లో అయితే కంప్రెసర్‌తోపాటు ఫ్యాన్ కూడా ఆగిపోతుంది, తడి లోపలే ఉండిపోతుంది. వానాకాలంలో మేం ఆ మోడ్ వాడం.

బీచ్‌రోడ్ వాసి, విశాఖపట్నం

అందరికీ ధన్యవాదాలు. వేరే మెకానిక్‌ని పిలిచి, గ్యాస్ జోలికి పోకుండా దించి కడిగించాం. పాప ఆ రెండు రోజులూ మా అమ్మ దగ్గరే ఉంది. బ్లోయర్ రెక్కల లోపలి నుంచి నల్లటి పొర చెక్కుల్లా ఊడి వచ్చింది, బకెట్ నీళ్లు మసినీళ్లలా మారాయి. బయటి నుంచి ఎంత స్ప్రే కొట్టినా ఆ పొర కదిలేది కాదు, అది కళ్లారా చూశాను. మేస్త్రీ దగ్గర రసమట్టం తెచ్చి పెడితే ఏసీ గది వైపుకే వాలి ఉంది. కింద చెక్క ఫ్రేము ముందువైపు నాని కుంగిపోయింది. దాన్ని మార్పించి వెనక్కి వాలు పెట్టించాం. వాసన పోయింది.

ఒక్క సందేహం మిగిలింది. థర్మాకోల్ కడిగినా మచ్చల నీడలు పోలేదు. రంగు వేసేయమంటున్నారు మా బావగారు. వేయొచ్చా?

బెజవాడ పాత మెకానిక్

వద్దమ్మా. ఆయిల్ పెయింట్‌లో, స్ప్రే పెయింట్‌లో ఉండే ద్రావకానికి థర్మాకోల్ కరిగిపోతుంది. కరిగి ఆకారం చెడితే బ్లోయర్‌కి రాసుకుని చప్పుడు చేస్తుంది. మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ గుడ్డకి తడిపి తుడవండి, పది నిమిషాలు ఆగి మంచినీళ్లతో తుడిచి బాగా ఆరనివ్వండి. నీడ మిగిలినా చేత్తో రుద్దితే వేలికి అంటకపోతే చాలు. లోపలికి నాని గుల్లబారి ఉంటే మాత్రం కంపెనీ స్పేర్ పార్టుల కౌంటర్లో మోడల్ నంబరు చెప్పి ఆ ముక్క ఒక్కటే అడగండి. కొన్ని మోడళ్లకి విడిగా ఇస్తారు.