బేలీఫ్ ఇంటి నడిమి గోడ ఎందుకు వెనక్కి ఉంది?

ప్రశ్న:
ఇంగ్లండ్‌లోని వెస్ట్ ససెక్స్‌లో, సింగిల్టన్ గ్రామం దగ్గరున్న వీల్డ్ అండ్ డౌన్‌ల్యాండ్ మ్యూజియంలో బేలీఫ్ అనే మధ్యయుగపు కొయ్యచట్రపు ఇంటిని చూశాను. రెండు కొసల్లోనూ పై అంతస్తు ముందుకు పొడుచుకొచ్చి ఉంది, నడిమి గోడ మాత్రం వెనక్కి ఉంది. అయినా చూరు మొత్తం ఒకే వరుసలో సాగుతుంది. ఇది అలంకారమా, నిర్మాణపు అవసరమా? పునరుద్ధరించినప్పుడు కల్పించిన రూపం కాదు కదా?

జవాబు 1:
అవసరమేనండి. నడుమ ఉన్నది హాలు, దానికి పై అంతస్తు లేదు. పొయ్యి నేల మీదే మండేది. పొగగొట్టం లేనందున పొగ కప్పు దాకా లేచి, అక్కడి సందుల గుండా బయటికి పోయేది. పై గది గోడ ముందుకు రావాలంటే, కింది గోడను దాటి సాగిన దంతెలు, అంటే పై అంతస్తు నేలను మోసే అడ్డకొయ్యలు, దాన్ని మోయాలి. పై అంతస్తే లేని హాలుకు దంతెలెక్కడివి? అందుకే అక్కడి గోడ నేల నుంచి కప్పు దాకా నిటారుగా లేచి, పక్కవాటితో పోల్చినప్పుడు వెనకబడినట్టు కనిపిస్తుంది. అయితే మూడు భాగాలకూ కలిపి ఒకే కప్పు వేశారు గనుక, హాలు ముందర చూరు దూలం గోడకు ఎడంగా ఉండిపోయింది. దాన్ని ఆపడానికే రెండు పక్కల నుంచీ వంపు తిరిగిన ఊతకొయ్యలు పెట్టారు. కెంట్, ససెక్స్ ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే ఈ తరహా ఇళ్ళను వీల్డెన్ ఇళ్ళంటారు. అలంకారం కోసం పెట్టినవి కాకపోయినా, ఈ ఇంటికి అందం ఆ ఊతకొయ్యలే అని నా అభిప్రాయం.

జవాబు 2:
రూపం కల్పితం కాదు, కానీ ఇల్లంతా ఒకేసారి కట్టిందీ కాదు. కొయ్యలోని వలయాలను బట్టి హాలు, సరకుల గదులున్న కొస 1405–30 నాటివని, యజమాని గది ఉన్న కొస 1505–10 నాటిదని తేల్చారు. కెంట్‌లోని చిడింగ్‌స్టోన్ దగ్గర బౌ బీచ్ జలాశయం నిర్మిస్తున్నందువల్ల 1968–69లో ఇంటిని విప్పి ఇక్కడికి తెచ్చారు. కుసులను, అంటే సన్నగా చెక్కిన కొయ్య కొసలను, బెజ్జాల్లో దించి, ఓక్ మేకులతో బిగించిన చట్రం కనుక విప్పడం సాధ్యమైంది. ఖాళీగా మిగిలిన బెజ్జాలు పోయిన కొయ్యల జాడ చెబుతాయి, కప్పు కొయ్యలకు పట్టిన మసి పొయ్యి సంగతి చెబుతుంది. తరువాత చేర్చిన పొగగొట్టాన్ని వదిలేసి సుమారు 1540 నాటి స్థితిని చూపారు. తరువాతి శతాబ్దాల వారి బతుకు దానితో చెరిగిపోయిందన్న ఆక్షేపణ నాకు సబబుగానే తోస్తుంది.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఇలాంటి ఇళ్ళ కొయ్యకు నల్లరంగు ఉంటుందనుకున్నాను, ఇక్కడ లేదెందుకు?

జవాబు 2:
ఆ నలుపు తెలుపుల రూపం చాలాచోట్ల 19వ శతాబ్దపు అభిరుచి. రంగు వేయని ఓక్ ఎండకూ వానకూ క్రమంగా బూడిదరంగుకు తిరుగుతుంది.