కలాం గారి "కలలు కనండి" మన పిల్లలకి ధైర్యమా, భారమా?

గోదారి గట్టు:
చాలా రోజులుగా మనసులో ఉన్న విషయం ఇక్కడ పెడుతున్నాను. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, హాస్టల్లో ఉంటాడు. మొన్న వాణ్ని చూడ్డానికి వెళ్తే వరండా గోడ మీద అబ్దుల్ కలాం గారి పెద్ద ఫొటో, దాని కింద కలలు కనండి అని రంగు అక్షరాలు. సరిగ్గా దాని పక్కనే వారం పరీక్షల ర్యాంకుల లిస్టు అంటించారు, ఆఖరి ఇరవై పేర్ల కింద ఎర్ర గీత. మా వాడి పేరూ ఆ ఇరవైలోనే ఉంది. తెల్లవారుజామున లేపితే రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్సు. "అమ్మా, కల గురించి నాకు తెలీదు, నిద్ర మాత్రం వస్తోంది" అన్నాడు. గేటు దగ్గర ఏడుపు ఆపుకోలేకపోయాను.

కలాం గారంటే మా ఇంట్లో అందరికీ ప్రాణం. 2015 జూలై 27న షిల్లాంగ్‌లో విద్యార్థులకి పాఠం చెబుతూ కుప్పకూలిపోయారని తెలిసిన రాత్రి మా నాన్నగారు అన్నం ముట్టలేదు. అందుకే అడుగుతున్నాను. ఆయన మాట పిల్లలకి ధైర్యం ఇస్తోందా? లేక గెలవకపోతే తప్పు నీదే, నువ్వు సరిగా కల కనలేదు అని వాళ్ళ నెత్తిన పడుతోందా?

నల్లమల కుర్రోడు:
అక్కా, మీ బాధ అర్థమైంది, కానీ నేను ఒప్పుకోను. మాది మార్కాపురం వైపు, నాన్న ఆటో నడిపేవాడు. సర్కారు బడి, సైన్సు సారు పోస్టు రెండేళ్ళు ఖాళీ. ఆ రోజుల్లో మా ఇంట్లో దేవుడి పటాల పక్కన ఉన్న ఇంకొక్క ఫొటో ఆయనదే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో రామేశ్వరంలో రైలు ఆగడం మానేస్తే, కదిలే బండిలోంచి విసిరేసిన పేపరు కట్టల్ని అందుకుని పంచిన పిల్లాడు రాష్ట్రపతి అయ్యాడు అని మా తెలుగు సారు చెప్పినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. అప్పటిదాకా నాకు తెలిసిన పెద్ద ఉద్యోగం ఆర్టీసీ కండక్టరు. డబ్బున్నవాళ్ళ పిల్లలకి ఎవరూ కల కనమని చెప్పక్కర్లేదు, వాళ్ళ నాన్నలే చూపిస్తారు. మాకు ఆ ఒక్క మాటే ఆసరా. ఆ గోడ మీద ఎర్ర గీత గీసింది కాలేజీ, కలాం గారు కాదు. ఆయన్ని ఇందులోకి లాగకండి.

లెక్కల మాస్టారు:
ఇరవై రెండేళ్ళుగా జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతున్నాను. ఇద్దరూ చెప్పింది నిజమే గానీ ఇద్దరూ కథలో సగం వదిలేశారు. మనం పిల్లలకి పేపర్లు పంచిన కుర్రాణ్ణి చూపించి, వెంటనే రాష్ట్రపతి భవన్ చూపిస్తాం. మధ్యలో ఉన్న మనుషుల్ని తీసేస్తాం. తప్పు అక్కడ జరుగుతోంది.

ఆయనే చెప్పుకున్న సంగతి చూడండి. ఐదో తరగతిలో శివసుబ్రహ్మణ్య అయ్యర్ గారు బోర్డు మీద పక్షి బొమ్మ గీసి ఎలా ఎగురుతుందో చెప్పారు. అయిపోయాక అర్థమైందా అని అడిగితే ఈ పిల్లాడు లేచి అర్థం కాలేదన్నాడు, ఇంకా చాలామంది అదే అన్నారు. ఆయన విసుక్కోలేదు. సాయంత్రం క్లాసు మొత్తాన్ని సముద్రం ఒడ్డుకి తీసుకెళ్ళి, నిజం పక్షుల్ని చూపిస్తూ రెక్క ఎలా కొడుతుందో, తోక ఎటు తిప్పితే ఎటు మళ్ళుతుందో చూపించారు. తన దారి ఆ రోజే తేలిపోయిందని కలాం గారు ఎన్నో సభల్లో చెప్పారు. నేను ఇక్కడ ఆగిపోతాను. ఆ కథలో నాకు అన్నిటికంటే విలువైంది పక్షి కాదు, పదేళ్ళ పిల్లాడు భయం లేకుండా అర్థం కాలేదు అనగలగడం. మన క్లాసుల్లో ఎంతమంది అనగలరు? నా క్లాసులో కూడా అందరూ అనరు, అది నా లోపమే.

ఆ తర్వాత మద్రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ (ఎం.ఐ.టి.)లో ఇంజనీరింగ్ సీటొస్తే ఫీజుకి దాదాపు వెయ్యి రూపాయలు కావాలి, ఇంట్లో లేవు. అక్క జొహ్రా తన బంగారు గాజులు, గొలుసు తాకట్టు పెట్టింది. ఇవన్నీ తీసేసి కల ఒక్కటే పిల్లల చేతిలో పెడితే అమ్మా, మీ అబ్బాయికి అనిపించినట్టే అనిపిస్తుంది.

కూకట్‌పల్లి 2009:
మాస్టారూ, బాగా చెప్పారు గానీ ఇంకో వైపు కూడా ఉంది కదా. అదే ఎం.ఐ.టి.లో ప్రొఫెసర్ శ్రీనివాసన్ గారు ఆయన చేసిన విమానం డిజైను చూసి ఇది పనికిరాదన్నారు. నెల రోజుల టైం అడిగితే శుక్రవారం నుంచి సోమవారం పొద్దుటి దాకా మూడే రోజులిచ్చి, ఆలోగా బొమ్మ రాకపోతే స్కాలర్‌షిప్ ఆపేస్తానన్నారు. అదీ టెన్షనే. ఆ టెన్షన్ లేకపోతే ఆ కలాం లేడు. నేనూ అలాంటి హాస్టల్ నుంచే వచ్చాను, నాలుగు మెతుకులు తింటున్నానంటే ఆ రెండేళ్ళ వల్లే. పిల్లల్ని మరీ సుకుమారంగా పెంచినా ప్రమాదమే.

గోదారి గట్టు:
తమ్ముడూ, ఆ సంగతి నేనూ చదివాను. మీరు చివరి భాగం వదిలేశారు. ఆదివారం పని ముగింపుకొస్తుంటే ఆ ప్రొఫెసరే స్వయంగా గదికి వచ్చి చూశారు. చూసి దగ్గరకు తీసుకుని, నీ మీద ఒత్తిడి పెడుతున్నానని నాకు తెలుసు, ఇంత బాగా చేస్తావనుకోలేదు అన్నారు. గురువుగారికి తెలుసు ఎంత బరువు పెట్టాడో, ఎవరి మీద పెట్టాడో. మా వాడి సెక్షన్లో 70 మంది. ఆ ర్యాంకుల లిస్టు అంటించినాయనకి వాడి పేరు తెలుసో లేదో నాకు అనుమానమే. వాడికి మూడు రోజుల నుంచి జ్వరమని నేను ఫోన్ చేస్తే గానీ వాళ్ళకి తెలియలేదు.

కూకట్‌పల్లి 2009:
అక్కా, జ్వరం సంగతి చదివాక ఇంక వాదించలేను. ఒక్కటి ఒప్పుకుంటాను, నా రూమ్మేటు ఫస్టియర్లోనే ఇంటికెళ్ళిపోయాడు, మళ్ళీ చదవలేదు. వాడి సంగతి నేనెప్పుడూ లెక్కలోకి తీసుకోలేదు.

ప్రకాశం బ్యారేజీ:
చదువు గురించి సరే. నాయకత్వం విషయంలో మాత్రం ఆయన్ని విమర్శకి అతీతుణ్ణి చేయకండి. 2005 మేలో బీహార్ అసెంబ్లీ రద్దు ఫైలు ఆయన మాస్కోలో ఉండగా అర్ధరాత్రి వెళ్తే సంతకం పెట్టేశారు. ఆ రద్దు రాజ్యాంగ విరుద్ధమని తర్వాత సుప్రీంకోర్టు చెప్పింది. 2006లో లాభదాయక పదవుల బిల్లుని (కొన్ని ప్రభుత్వ పదవుల్లో ఉన్నా ఎంపీల సభ్యత్వం పోకుండా కాపాడే బిల్లు) వెనక్కి పంపిన ధైర్యం కూడా ఆయనదే, కాదనను. కానీ ఉరిశిక్ష పడ్డవాళ్ళ క్షమాభిక్ష పిటిషన్లలో ఎక్కువ భాగం తేల్చకుండానే 2007లో దిగిపోయారు. పిల్లలకి నాయకుడంటే ఈయనే అని చూపించేటప్పుడు ఇవీ చెప్పాలి.

లెక్కల మాస్టారు:
చెప్పాలండీ. పదో తరగతి పిల్లలకి అర్థమవుతుంది కూడా. బీహార్ తీర్పు తర్వాత రాజీనామా దాకా ఆలోచించానని ఆయనే రాశారు, అంటే తప్పు బరువు ఆయనకి తెలుసు. కానీ నాయకత్వం పాఠంగా నేను చెప్పేది రాష్ట్రపతి భవన్ నుంచి కాదు, మన శ్రీహరికోట నుంచి.

1979 ఆగస్టు 10. ఉపగ్రహాన్ని మోసుకెళ్ళే ఎస్.ఎల్.వి.-3 రాకెట్ మొదటి ప్రయోగం, మిషన్ డైరెక్టర్ కలాం. కౌంట్‌డౌన్ చివర్లో కంప్యూటరు ఆపమంది. ఫర్వాలేదు అని నిపుణులు చెప్పారు, కంప్యూటర్ని పక్కనపెట్టి వదలమన్నది ఆయనే. రెండో దశలో అదుపు తప్పి రాకెట్ బంగాళాఖాతంలో పడింది. విలేకరుల ముందుకి ఇస్రో ఛైర్మన్ సతీష్ ధావన్ గారు వెళ్ళి, ఈ వైఫల్యం నాది, నా టీం మీద నాకు నమ్మకముంది అన్నారు. మరుసటి ఏడాది 1980 జూలై 18న 35 కిలోల రోహిణి ఉపగ్రహం కక్ష్యలోకి చేరింది. ఆ రోజు ధావన్ గారు పక్కకి తప్పుకుని, విలేకరులతో నువ్వు మాట్లాడు అని కలాం గారిని పంపారు. ఓడినప్పుడు తను ముందు, గెలిచినప్పుడు కుర్రాడు ముందు. కలాం గారు జీవితాంతం నాయకత్వం అంటే ఇదే కథ చెప్పారు, తన గొప్ప చెప్పలేదు.

ఇప్పుడు ఆ వరండా గోడ గుర్తుచేసుకోండి. గెలిచినవాడి ఫొటో కాలేజీ పేరుతో ఫ్లెక్సీ మీదికెక్కుతుంది, ఓడినవాడి పేరు కింద ఎర్ర గీత పడుతుంది. ధావన్ గారు చేసింది దీనికి నూటికి నూరుపాళ్ళు ఎదురు. ఆ గోడ మీద కలాం ఫొటో పెట్టే హక్కు వాళ్ళకి లేదని నేను గట్టిగానే అంటాను.

నల్లమల కుర్రోడు:
మాస్టారూ, ధావన్ గారి సంగతి నాకు తెలీదు. రాకెట్ పడిపోయిందని తెలుసు గానీ ఎవరు నిలబడ్డారో మా సారు చెప్పలేదు. నేను డిగ్రీలో ఒక ఏడాది ఫెయిలయినప్పుడు నేనే పనికిరానోణ్ణి అనుకుని నాలుగు నెలలు ఊళ్ళోకి రాలేదు. నాన్నే బెంగళూరు వచ్చి తీసుకెళ్ళాడు, దార్లో ఒక్క మాట అనలేదు. ఇప్పుడు తలుచుకుంటే... కలాం ఫొటో పక్కన ధావన్ గారి ఫొటో కూడా పెట్టాలి. అక్కా, మీ అబ్బాయికి జ్వరం తగ్గిందా?

గోదారి గట్టు:
తగ్గింది తమ్ముడూ. నిన్న ఇంటికి తీసుకొచ్చేశాను. పద్నాలుగు గంటలు పడుకున్నాడు. లేచి దోసెలు అడిగాడు. తిరిగి అక్కడికే పంపాలా, ఊళ్ళో జూనియర్ కాలేజీలో చేర్పించాలా అన్నది వాళ్ళ నాన్నా నేనూ ఇంకా తేల్చుకోలేదు. ఈసారి వాణ్ని కూడా కూర్చోబెట్టి అడుగుతాం.

లెక్కల మాస్టారు:
మంచి పని చేశారమ్మా. ఈ చర్చ చదివాక నిన్న పదో తరగతిలో లెక్కలు ఆపి శ్రీహరికోట కథ చెప్పాను. ఎప్పుడూ నోరు విప్పని ఒకమ్మాయి వెనక బెంచీలోంచి అడిగింది: "సార్, మరి ధావన్ గారిని ఎవరు ఓదార్చారు?" నా దగ్గర జవాబు లేదు.